మా బావ అగ్గి తెగులుకు గోడ కట్టిన యాసంగి

ఆ వ్యవసాయ శాఖ మేడం మొదట "బ్లాస్ట్" అనే అంది. మా బావ వెంటనే చేతి గడియారం చూసుకున్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో మందుగుండు పేల్చేది మధ్యాహ్నం రెండు దాటాక. అప్పటికి పదకొండే అయింది. ఇంకా టైం కాలేదని ఆమెకు ధైర్యం చెప్పాడు. మా దగ్గర ఆ మాటకు ఇంకో అర్థం లేదు. రోజూ ఆ వేళకు కిటికీలు గలగలమంటాయి, గోడ మీది పటాలు పక్కకు జరుగుతాయి, అక్క వాటిని సర్ది మళ్లీ పనిలో పడుతుంది. పాపం ఆ మేడం ఉద్యోగానికి కొత్త. మాకు ఇంగ్లీషు అర్థం కాలేదనుకుని అదే మాటను తెలుగులో చెప్పింది.

"అగ్గి తెగులు, కాకా."

ఆ రెండో మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో.

మా బావ, అంటే మా అక్క భర్త, ముప్పై రెండేళ్లు బాయిలో పనిచేసి సర్దారుగా రిటైరయ్యాడు. బాయి అంటే మాకు బొగ్గుగని. ఊళ్లోవాళ్లకేమో పొలం దగ్గరి బావి. బాయి కాడికి పోయిండంటే ఏ బాయికో నెత్తి మీది టోపీని బట్టి తెలుసుకోవాలి. సర్దారు భూమి లోపల ఒక జట్టుకు పెద్ద. షిఫ్టు మొదలయ్యే ముందు తానొక్కడే పోయి, పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు గట్టిగా ఉందా డొల్లగా ఉందా వింటాడు. గాలి చూస్తాడు, గ్యాసు చూస్తాడు. అన్నీ సరిగ్గా ఉంటే బోర్డు మీద సుద్దముక్కతో "పరీక్షించినాను, క్షేమం" అని రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం ఉంటేనే మిగతావాళ్లు అడుగు పెట్టాలి. అందులోనూ మా బావకు అగ్గి పనిలో పేరుంది. బొగ్గు దానంతటదే రాజుకుంటుంది. అట్లా రాజుకున్న చోట నీళ్లు కొట్టి, చుట్టూ గోడ కట్టి, గాలి అందకుండా చేసి చంపాలి. ఆ గోడలు కట్టడంలో ఆయన్ని మించినవాడు లేడనేవారు. రిటైరయిన నాలుగేళ్లలో ఆ పనికి ఆయన్ని ఎవరూ ఒక్కసారి కూడా పిలవలేదు.

"ఏడ అంటుకున్నది?" అన్నాడు. మేడం కింది మడి చూపించింది. బావ మోకాళ్ల నొప్పి మరిచిపోయి గట్టు దిగాడు.

నా సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు తప్పు నాది. అదే బాయిలో లాంపు రూములో నా డ్యూటీ. లోపలికి దిగే ప్రతి మనిషికి ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటాయి. బిళ్ళ నా చేతికిస్తే నెత్తికి పెట్టుకునే దీపం ఇస్తాను. బిళ్ళ నా పలక మీది మేకుకు వేలాడినంతసేపు ఆ మనిషి భూమి లోపల ఉన్నట్టు. ఆఖరి దీపం తిరిగి వచ్చేదాకా నేను ఇంటికి కదలను. ఇరవై ఏడేళ్లు ఇదే పని చేస్తే మనిషి చూపే మారిపోతుంది. పెళ్లికి పోతే బంతిలో కూర్చున్నవాళ్లను లెక్కపెడతాను. బిళ్ళ మరిచిపోయి వచ్చినవాడు తోడబుట్టినవాడైనా కిటికీ బయటే నిలబడాలి. దీన్ని మా ఇంటావిడ చాదస్తం అంటుంది. నేను డ్యూటీ అంటాను.

పొలం మా అవ్వది, అంటే మా అమ్మది. అక్క పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద ఎకరంన్నర రాసిచ్చింది. గోదావరిఖనిలో షేర్ ఆటో ఎక్కితే అరగంట. ఆ పొలానికి ఒక పక్క ఓపెన్‌కాస్టు మట్టి గుట్ట లేచింది, ఇంకో పక్క బూడిద ఇటుకల బట్టి వచ్చింది. బట్టి ఆసామి అక్క పొలాన్ని కూడా లీజుకు అడుగుతున్నాడు. బావకు ఇచ్చేద్దామనే ఉంది. మోకాళ్లు అరిగాయి, ఊపిరి అందడం లేదు, ఇంక ఈ బురద ఎందుకంటాడు. అక్క ససేమిరా అంది. ఒకసారి బూడిద పరిచి ఇటుకలు పేర్చిన నేలలో మళ్లీ వరి నాటలేమని ఆమె భయం. అవ్వ ఇచ్చినవాటిలో ఆమెకు మిగిలింది అదొక్కటే. నెల రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే నాకు ఫోన్ చేసి చెప్పేవారు, ఒకే ఇంట్లో కూర్చుని.

చివరికి బావ ఒక షరతు పెట్టాడు. ఇంట్లో అవ్వ కాలం నాటి వడ్ల గుమ్మి ఉంది, వెదురుతో అల్లి పేడతో అలికింది. చలికాలంలో నాటి ఎండల్లో కోసే ఈ యాసంగి పంటతో ఆ గుమ్మి నిండితే పొలం అక్కది, ఇంక ఆ ఊసెత్తడు. నిండకపోతే బట్టికి. అక్క ఒప్పుకుంది. బావ అప్పుడే వెళ్లి బట్టి ఆసామికి మాట కూడా ఇచ్చి వచ్చాడు.

అక్క ధైర్యంగా ఒప్పుకున్నది నేను తెచ్చిన విత్తనాన్ని చూసుకునే. నాలుగేళ్ల కింద నేనే తెచ్చాను, తెగులును తట్టుకునే రకమని. దానికి పేరు లేదు, నంబరుంది. నంబరుంటే నాకు నమ్మకం కుదురుతుంది. నా మాట మీద ఊళ్లో అందరూ అదే వేశారు. మూడేళ్లు ఆకు మీద చుక్క కనిపించలేదు. టీ కొట్టు దగ్గర నన్ను చూసి జరిగి చోటిచ్చేవారు. నాకు బాగా గర్వం వచ్చింది, దాచుకోవడం ఎందుకు.

ఆ గర్వంతో నేను ఇంకో పని చేసేవాణ్ని. ఎంత మంచి విత్తనంలోనైనా ఒకటీ అరా వేరే రకం గింజలు కలుస్తాయి. పైరు ఎదిగాక అవి బయటపడతాయి. ఒకటి పొడుగ్గా లేస్తుంది, ఒకదాని ఆకు నల్లపచ్చగా ఉంటుంది, ఒకదాని గింజకు మీసం ఉంటుంది. వాటిని కేళీలు అంటారు. నా లెక్కలో అవి బిళ్ళ లేకుండా లోపలికి దూరిన బోగస్ గాళ్లు. ఏటా రెండు రోజులు సెలవు పెట్టి, వరుస వరుసా తిరిగి, ఒక్కో కేళీని వేరు తెగకుండా మట్టి పెళ్లతో సహా తవ్వి గట్టు మీద వేసేవాణ్ని. వేరు మిగిలితే మళ్లీ లేస్తుందని నా జాగ్రత్త. అక్క వాటిని గంపలో ఎత్తుకుని పోయేది. గొడ్లకు వేస్తుందనుకున్నాను.

ఆ ఏడు నాటు వేసిన నెలకు ఆకుల మీద మచ్చలు వచ్చాయి. నూలు కండె ఆకారం, రెండు కొనలూ సన్నం, అంచు గోధుమరంగు, నడుమ బూడిదరంగు. అక్క వాటిని మచ్చ రోగమనేది కాబట్టి బావ అసలు పేరు అంతవరకూ వినలేదు. ఇప్పుడు పేరు విన్నాడు, ఆకు కోసి నడుమ వేలితో రుద్ది చూశాడు. బూడిద ఉన్నదంటే అగ్గి ఉన్నట్టే, ఇంక వేరే సాక్ష్యం ఎందుకన్నాడు. మేడం మందు పేరు రాసిచ్చి, యూరియా ఆపమని చెప్పి, ఇంకో ఊరికి పోయింది. ఆ చీటీ బావ జేబులోనే ఉండిపోయింది. అగ్గికి మందు కొట్టడమేంటి, అదేమన్నా జ్వరమా అని ఆయన వాదన.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి బావ హెల్మెట్ పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, సర్దారు కర్ర పట్టుకుని పొలం గట్టు మీద ఉన్నాడు. మచ్చలున్న మడి చుట్టూ కర్రలు పాతాడు. యూరియా సంచులు విప్పి కుట్టినవి, ఒక పాత టార్పాలిను, అక్కవి రెండు చీరలు కలిపి నడుమెత్తున గోడ లేపాడు. కింద గాలి సందు లేకుండా బురదతో అలికాడు. పైన కూడా కప్పాలన్నాడు గానీ, మొక్కకు ఎండ కావాలని అక్క అడ్డం పడింది. అది రూల్సుకు విరుద్ధమని బావ గొణిగి ఒప్పుకున్నాడు. అగ్గి చల్లారాలని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బకెట్టుతో ఆకుల మీద నీళ్లు చల్లడం మొదలుపెట్టాడు. గోడకు ఒక దారి వదిలి, అక్కడ నల్ల పలక కట్టి సుద్దముక్కతో రాశాడు: "మొదటి షిఫ్టు. పరీక్షించినాను. గ్యాసు లేదు. అగ్గి ఉన్నది." కింద సంతకం.

నేను నవ్వి ఆపించి ఉండాల్సింది. అది చేయలేదు సరికదా, అగ్గి ఉన్న చోటికి బిళ్ళ లేకుండా మనుషులను పంపకూడదని నాకు గుర్తొచ్చింది. సోడా సీసా మూతలు మూడు కొట్టి చదును చేసి, మేకుతో ఒకటి, రెండు, మూడు అని చెక్కాను. దారి పక్క కర్రకు మేకులు కొట్టాను. బావది ఒకటి, అక్కది రెండు, నాది మూడు. ఆ వారం రోజులూ మా అక్క తన తల్లి పొలంలో కాలు పెట్టాలంటే రెండో నంబరు మూత మేకుకు తగిలించి పోయింది. ఒకనాడు మరిచిపోతే నేనే వెనక్కి పిలిచాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఊరివాళ్లు గుంపులుగా వచ్చి చూశారు. ఇదేదో కొత్త సర్కారు పథకమనుకుని దరఖాస్తు ఎక్కడ పెట్టాలని ఇద్దరు నన్ను అడిగారు. బావకు మాత్రం పండగ లాగా ఉంది. రెండు పూటలా కడుపు నిండా తింటున్నాడు, దగ్గు తగ్గింది, గట్టు మీద చకచకా నడుస్తున్నాడు. అక్క నన్ను పక్కకు పిలిచి, మీ బావను ఏమీ అనకు, నాలుగేళ్లకు మనిషి నవ్వుతున్నాడు అంది. పొలం పోతుందన్న భయం ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది. అయినా ఆ మాట అంది.

వారం తిరిగేసరికి గోడ లోపల ఆకు ఆకంతా మచ్చ అయింది. గోడ దాటి పక్క మడికి కూడా పాకింది. మేడం మళ్లీ వచ్చింది. పలక చదివింది, మూతలు చూసింది, చీరల గోడ చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత గట్టు మీద కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాం. నవ్వుతోంది. నవ్వు ఆపుకుని, బావ బాధపడకుండా మెల్లగా చెప్పింది. ఇది పేరుకే అగ్గి, నిజానికి ఇది బూజు జాతి. అగ్గికి గాలి కావాలి. దీనికి తడి కావాలి. ఆకు మీద తడి ఆరకుండా, గాలి ఆడకుండా ఉంటే దానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

బావ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అంటె నేనే పెంచిన్నా?" అన్నాడు. ఆయన ఒక్కో కర్రా పీకి, అక్క చీరలు ఉతికి ఆరేసి, నల్ల పలక మీది రాత అరచేత్తో తుడిచాడు. ఆ సాయంత్రం అన్నం తినలేదని అక్క ఫోన్ చేసి చెప్పింది. నాకు చాలా బాధనిపించింది.

అదంతా సర్దుతుంటే నేను మాత్రం మేడంతో గొడవకు దిగాను. ఈ రకానికి తెగులు రాకూడదు కదా, మూడేళ్లు రాలేదు కదా, నాకు నకిలీ విత్తనం అంటగట్టారా అని. ఆమె ఓపిగ్గా చెప్పింది. విత్తనం మంచిదే, మారింది తెగులు. మొక్కకు ఆ బూజంతా తెలియదు, దాని ఒంటి మీది ఒక్క గుర్తు మాత్రమే తెలుసు. ఆ గుర్తు కనిపించగానే మొక్క ఆ చోట తన ఆకును తానే చంపుకుంటుంది. బూజుకు తిండి దొరక్క చస్తుంది. కానీ గాలిలో వచ్చే బూజు విత్తులు ఎన్నో కోట్లు. అందులో ఎప్పుడో ఒకటి ఆ గుర్తు పోగొట్టుకుని పుడుతుంది. మొక్క దాన్ని చూసి కూడా ఎవరూ రాలేదనుకుంటుంది. ఊరంతా ఒకటే రకం వేసి ఉంటే, ఒక్క ఆకులో దూరినది ఊరంతా దూరగలదు. మిగతా బూజులు చచ్చిపోయి దీని సంతానమే మిగులుతుంది.

నాకు ఒళ్లు మండింది. ఇదెక్కడి లాంపు రూము అన్నాను. బిళ్ళ ఉన్నవాణ్ని పట్టుకుని చంపి, బిళ్ళ లేనివాణ్ని లోపలికి పంపడమేమిటి. నా దగ్గర అట్లా చేస్తే అదే రోజు సస్పెండు చేస్తారు. మేడం నా వంక చూసి, మీరు కోప్పడుతున్నది నా మీదనా, మొక్క మీదనా అని అడిగింది. మొక్క మీద అన్నాను. ఆమె ఆ రోజే మందు దగ్గరుండి కొట్టించి పోయింది.

అక్క పొలం దక్కాలని నేను వేములవాడకు మొక్కుకున్నాను. ఆ ఆదివారమే పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాను. గుండుతో పాటు మీసం కూడా తీయించాను, మొక్కు విషయంలో కూడా నాకు సగం సగం పని నచ్చదు. సోమవారం డ్యూటీకి పోతే కొత్త చిక్కు ఎదురైంది. ఆ నెలలోనే మా బాయి గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే యంత్రం పెట్టారు. దాని తెలివి అందరికీ తెలిసిందే. షిఫ్టు దిగి బొగ్గు మసితో వచ్చిన ముగ్గురిని పట్టుకుని ముగ్గురూ ఒక్కరే అంది ఒకసారి. ఇప్పుడు నా ముఖం ముందు ఎర్ర దీపం వెలిగించి, ఇట్లాంటి మనిషి లేడంది. వెనక్కి జరిగి చూశాను, వెలుతురులో నిలబడి చూశాను, కళ్లు పెద్దవి చేసి చూశాను. లేడంటుంది. నా చేతి మీదుగా దీపాలు తీసుకున్న రెండు వందల మంది వెనక వరుసలో నిలబడి నా అవస్థ చూస్తున్నారు.

యంత్రం చూసుకునే కుర్రాడు వచ్చి సానుభూతిగా చెప్పాడు. "దానికి మీ మీసమే గుర్తున్నది అంకుల్. మళ్ల మొలిస్తె గుర్తువడతది."

నేను గేటు పక్క బెంచీ మీద కూర్చున్నాను. ఇరవై ఏడేళ్లు పనిచేసిన చోట అది పట్టుకున్నది నన్ను కాదు, నా మీసాన్ని. మీసం తీసేసి వస్తే నేను ఎవరినీ కాను, ఎవరికీ కనిపించను. మేడం చెప్పింది ఇదేనని అప్పుడు బుర్రకెక్కింది. ఆ బూజు కూడా మీసం తీయించుకుని వచ్చింది. నాకు యంత్రం మీద కోపం, బూజు మీద కోపం, అన్నిటికీ మించి ఒక్క రకాన్ని ఊరంతటికీ అంటగట్టిన నా మీద నాకు కోపం వచ్చాయి.

మీసం మొలిచేదాకా రోజూ ఆఫీసుకు పోయి, నేను నేనేనని కాగితం రాసిచ్చి సంతకం పెట్టాల్సి వచ్చింది. ఆ గొడవలో సెలవు అడిగే మొహం లేకపోయింది. ఆ ఏడు కేళీలు ఏరడం కుదరలేదు. పంట పోతున్న పొలంలో కేళీలు ఎవరు చూడొచ్చారని సరిపెట్టుకున్నాను.

వెన్ను, అంటే గింజల కంకి, పైకి వచ్చాక తెగులు దాని మెడకు పట్టింది. వెన్ను కింద కణుపు నల్లబడి, అక్కడికి విరిగి, గింజ పాలు పోసుకోక తెల్లగా తాలు పోతుంది. దూరం నుంచి చూస్తే పంట తొందరగా పండినట్టే ఉంటుంది. అట్లాగే అనుకుని ఒక ముసలాయన నన్ను మెచ్చుకుని పోయాడు కూడా. బట్టి ఆసామి టేపు తెచ్చి ఒక పక్క నుంచి కొలవడం మొదలుపెట్టాడు. మంచివాడే, చెప్పులు విప్పి మడిలో దిగాడు. బావ టేపు రెండో కొన పట్టుకుని నిలబడ్డాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. గోడ కట్టిన నాటి నుంచి ఆయనకు పొలం ఇవ్వాలన్న కోరిక పోయిందని నాకు అప్పుడు తెలిసింది. కానీ మాట ఇచ్చిన మనిషి.

అట్లా కొలుచుకుంటూ పై అరెకరానికి చేరారు. అక్కడ ఆగిపోయారు. నేను కూడా ఆ రోజు వరకూ పైకి పోయి చూడలేదు. ఆ అరెకరం చూడటానికి ఏమీ బాగాలేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పండింది, ఒకటి ఇంకా పచ్చగా ఉంది, కొన్నిటికి మీసాలు, కొన్నిటికి ఎర్ర పొట్టు. అక్కడక్కడ ఒక మొక్క తెల్లబడి ఉంది, దాని పక్కన నాలుగు బరువుగా తలవంచుకుని ఉన్నాయి. మొత్తం మడి కేళీలే.

"ఇదేంది అక్కా?" అన్నాను.

"నువ్వు పీకిపారేసినయ్ తమ్మీ. పానమున్నదాన్ని పారెయ్య మనసొప్పలే. కాల్వ పక్క తడిల నాటిన. మూడేండ్లు గింజ దాసిన. గీ యేడు నీకు చెప్పకుంట మీది మడిల ఏసిన."

నాకు చెబితే బిళ్ళ అడుగుతానని భయపడిందట. వేరు తెగకుండా మట్టితో సహా తవ్విన నా జాగ్రత్తే వాటిని బతికించింది. ఆ సంగతి చెప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. మేడంకు ఫోన్ చేస్తే ఆశ్చర్యపోలేదు. ఒక్కో రకానికి బూజును పట్టే తీరు ఒక్కోటి, ఒకదానిలో దూరిన బూజు పక్కదానిలో దూరలేక అక్కడే ఆగుతుంది అంది. అయితే ఏటా ఇవే వేసుకుంటూ కూర్చోవద్దు, కొన్నేళ్లకు వీటినీ నేర్చుకుంటుందని కూడా చెప్పింది.

కోతలయ్యాయి. కింది ఎకరం తూర్పారబడితే గాలికి పోయిందే ఎక్కువ. ఆ గింజలు గుమ్మిలో మోకాలెత్తుకు కూడా రాలేదు. తర్వాత కేళీల వడ్లు పోశారు. ఎరుపూ, తెలుపూ, మీసాలూ కలిసిన ఆ వడ్లను అక్క చేటతో ఎత్తి పోస్తుంటే మేమంతా చుట్టూ నిలబడ్డాం. బట్టి ఆసామి కూడా వచ్చాడు, మాట మాటే కదా అని. నడుము దాటింది. ఛాతీ దాటింది. అక్క పీట ఎక్కింది. ఆఖరి చేట పోసి, గోనె పట్టా దులిపి, ఖాళీ చేట పట్టుకుని నిలబడింది. గుమ్మి మూతి వెడల్పు తక్కువ, లోపల చీకటి, కింద నిలబడ్డ మాకు ఏమీ కనిపించదు.

మూలన ఒక కుండ ఉంది. వచ్చే ఏటికి దాచిన కేళీ విత్తనం. బట్టి ఆసామి చూపు దాని మీద పడింది, అక్క చూపు కూడా పడింది. ఆమె చెయ్యి చాచలేదు.

బావ కర్ర తీసుకున్నాడు. సర్దారు పైకప్పు కొట్టి చూసినట్టే, గుమ్మిని కింద నుంచి కొట్టుకుంటూ వచ్చాడు. ఠక్కు ఠక్కుమని గట్టి చప్పుడు. నడుము దగ్గర గట్టిదే. భుజం దగ్గర గట్టిదే. మూతికి జానెడు కింద కర్ర తగిలినప్పుడు చప్పుడు మారింది. డొల్ల. ఒక్కసారి కొట్టాడు, రెండోసారి కొట్టలేదు. ముప్పై రెండేళ్లు ఆ తేడా విని మనుషులను బతికించిన చెవి అది. ఆ చప్పుడు నాకు కూడా వినిపించింది.

ఆయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. గుమ్మి మీద, పేడ అలికిన చోట, మెల్లగా రాశాడు: "పరీక్షించినాను. నిండినది." కింద సంతకం పెట్టాడు. ఆ చేతితో ఆయన అబద్ధం రాయడం అదే మొదలు, నాకు తెలిసి.

బట్టి ఆసామి రాత చదివాడు. బావ వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు. లాంపు రూము ఆయన లెక్క తప్పడని మా దగ్గర అందరికీ తెలుసు.

"నువ్వు చెప్పు అన్నా. నువ్వంటె నేను నమ్ముత. నిండిందా?"

అక్క పీట మీదనే ఉంది. చేట గుండెలకు ఆనించుకుని నన్ను చూస్తోంది. బావ సుద్దముక్కను వేళ్ల మధ్య నలుపుతున్నాడు. నా పలక మీది మేకులన్నీ ఒకసారి కళ్ల ముందు తిరిగాయి.

"నిండింది" అన్నాను.

ఆయన తల ఊపి, టేపును జేబులో పెట్టుకున్నాడు. అక్క పీట దిగి, చేట గోడకు ఆనించి, మా ముగ్గురికీ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.